సముద్రములు దాటిన అద్దకపు బట్టలు

కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణమైన మచిలీపట్టణమునకు బందరు అను పేరును కలదు. ఆ పట్టణమున పరాసుపేట, వలందపాలెము, ఇంగ్లీషుపాలెము అను ప్రాంతములు నేటికిని ఉన్నవి. పరాసులనగా ఫ్రెంచివారు, వలందులనగా హాలెండు దేశపు డచ్చివారు. వేలకొలది మైళ్ల దూరమున నున్న దేశములవారి పేర్లు ఒక తెలుగు పట్టణపు పేటలకు ఎట్లు కలిగెను? ఆ దేశముల వర్తకులు ఈ తీరమునకు మొట్టమొదట వచ్చినది రాజ్యముల నాశించి కాదు. వారిని ముఖ్యముగా ఇచ్చటికి రప్పించినది నూలుబట్ట. అందును రంగులు వేసి, పువ్వులు తీగెలు వ్రాసిన అద్దకపు బట్ట.

పదునేడవ శతాబ్దారంభమున బందరు, గోలకొండ నేలిన కుతుబ్ షాహీ సుల్తానుల రాజ్యమునకు ప్రధానమైన ఓడరేవు. పారశీకులును, ఆర్మీనియనులును ఇచ్చటికి వచ్చి బట్టలు కొనుచుండిరి. “కలంకారీ” అను మాటయు పారశీక భాషనుండి వచ్చినదే. కలమనగా లేఖిని, కారీ యనగా పని. కలముతో చేయుదానిని తెలుగు పనివారు వ్రాతపని యనియు, చెక్క అచ్చులతో చేయుదానిని అద్దకపుపని యనియు వ్యవహరించిరి.

డచ్చి వర్తకులు 1602లో ఒక పెద్ద వర్తకసంఘముగా ఏర్పడి, 1605లో బందరు చేరిరి. మఱుసటి సంవత్సరమున పెదపల్లి యను నిజాంపట్టణమున ఒక వర్తకస్థానమును నెలకొల్పిరి. ఇంగ్లీషువారి “గ్లోబు” అను ఓడ 1611లో ఈ తీరమునకు వచ్చెను. వీరందఱును తమ దేశమునకు బట్టలు కొనిపోవుటకే వచ్చిరనుకొనరాదు. అప్పటికి వారి చూపు తూర్పు సముద్రములలోని ద్వీపముల మీద నుండెను. లవంగములు, జాజికాయ, జాపత్రి ఆ ద్వీపములలో పండెడివి. ఐరోపాలో వానికి గొప్ప వెల పలికెడిది. కాని ఆ ద్వీపవాసులకు ఐరోపావారి దళసరి ఉన్నిబట్టలతో పని లేదు. ఎండలు కాయు దేశమున ఉన్ని యెవరికి కావలెను? వారు తరతరములుగా కట్టుకొనుచు, పెండ్లిండ్లలోను ఉత్సవములలోను వాడుకొనుచు వచ్చినవి మన తూర్పుతీరపు నూలుబట్టలు. వానిని తెచ్చినవారికే సుగంధద్రవ్యములు దొరకెడివి. అందుచేతనే హెండ్రిక్ బ్రౌవర్ అను డచ్చి అధికారి 1612లో తన యజమానులకు వ్రాయుచు, ఈ చోళమండల తీరము మొలుక్కా ద్వీపముల వర్తకమునకు ఎడమచేయి వంటిదని చెప్పెను. ఇచ్చటి బట్టలు లేనిచో అచ్చటి వర్తకము సాగదని అతని భావము.

అయితే బట్ట కొనుట యనునది అంత సులభమైన పని కాదు. గ్లోబు ఓడలో పీటర్ ఫ్లోరిస్ అను వర్తకుడుండెను. అతడు అంతకుముందు డచ్చివారి కొలువున ఈ తీరమున పనిచేసిన అనుభవజ్ఞుడు. అతడు బందరులోను, పెదపల్లిలోను కొన్న బట్టలను మలయా ప్రాంతమునకు కొనిపోయెను. అచ్చట ఒక చిక్కు వచ్చిపడెను. కొన్ని బట్టలకు అంచున సన్నని తెల్లని చారయొకటి మిగిలియుండెను. బట్ట మంచిది, రంగు మంచిది, పని మంచిది. కాని మలయా దేశీయులకు ఆ తెల్లని చార యుండరాదు. వారు ఆ బట్టలను ముట్టుకొనుటకైనను ఇష్టపడలేదు. సముద్రము దాటించి తెచ్చిన సరకు వ్రేలి వెడల్పైనను లేని అంచు మూలమున పనికిరానిదయ్యెను. ఫ్లోరిస్ ఈ సంగతిని తన దినచర్యలో ఆశ్చర్యముతో వ్రాసికొనెను. కట్టుకొనువాని మనస్సు నెఱుగక బట్ట కొనరాదను పాఠమును అతడు ఆ విధముగా నేర్చుకొనెను.

అది మొదలు పరదేశపు వర్తకులు ఏ దేశమువారికి ఏ తీరు కావలెనో తెలిసికొని, మచ్చుబట్టలతో గాని కాగితముపై గీసిన నమూనాలతో గాని ఇచ్చటికి వచ్చుట మిక్కిలి అవసరమయ్యెను. సిద్ధముగా నున్న బట్టలను అంగటిలో ఏరుకొని పోవుట ఆ కాలమున సాధ్యము కాదు. పరదేశి తన మచ్చును స్థానిక వర్తకునకు చూపి, కొంత సొమ్ము బయానాగా ఇచ్చెడివాడు. ఆ వర్తకుడు సాలెవానికి కొంత ఇచ్చి బట్ట నేయించి, అద్దకపు పనివానికి కొంత ఇచ్చి రంగులు వేయించెడివాడు. ఈలోగా ఓడ రేవున వేచియుండెడిది. ఓడలు గాలిని బట్టి నడచు కాలమది. ఆశ్వయుజ కార్తికమాసములలో ఈ తీరమున తుపానులు చెలరేగును. అంతకుముందే ఓడ లంగరెత్తవలెను. ఓడ నాయకునకు తొందర. కాని అద్దకపు పనికి తొందర పనికిరాదు. దానికి ఎండ కావలెను, పాఱెడి నీరు కావలెను, అన్నిటికంటె మిన్నగా ఓర్పు కావలెను.

ఆ పని యెట్లు జరిగెడిదో తెలిసికొన్నచో ఈ మాటయందలి సత్యము బోధపడును. మగ్గమునుండి దించిన బట్టను మొదట చలువచేసి గంజి పోగొట్టుదురు. పిమ్మట కరక్కాయల పొడి కలిపిన గేదెపాలలో దానిని ముంచి, పిండి, ఆఱబెట్టుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొనుటకు తోడ్పడును. పాలలోని వెన్న, కలమునుండి జాఱిన రసము ప్రక్కలకు పాకకుండ ఆపును. ఆఱిన బట్టను మడిచి కొయ్యతో బాదగా అది కాగితమువలె నునుపెక్కును. అప్పుడు సూదితో రంధ్రములు పొడిచిన కాగితపు నమూనాను బట్టపై పఱచి, బొగ్గుపొడిని అద్దుదురు. రంధ్రములగుండ పొడి దిగి, పువ్వుల ఆకారములు చుక్కలు చుక్కలుగా బట్టపై ఏర్పడును.

తరువాత కలముపని. ఆ కలము వెదురుపుల్ల. మొన సన్నముగా చెక్కబడి, పైభాగమున ఉన్ని గాని గుడ్డ గాని ఉండగా చుట్టబడియుండును. ఆ ఉండ రసమును పీల్చుకొని, పనివాడు వ్రేళ్లతో నొక్కినప్పుడు కొంచెము కొంచెముగా మొనకు దించును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పలుదినములు నానవేయగా వచ్చిన రసముతో నల్లని గీతలు వ్రాయుదురు. ఆ రసము బట్టలోని కరక్కాయతో కలిసినంతనే నలుపెక్కును. ఎఱుపు కావలసినచోట పటికనీటితో వ్రాయుదురు. పటికనీటికి రంగు లేదు. కావున వ్రాసినది కంటికి కానవచ్చుటకు అందులో ఏదేని పొడిపోయని రంగు కొంచెము కలుపుదురు. అటుపిమ్మట బట్టను చిరివేరు వేసిన నీటిలో ఉడికింతురు. పటిక తగిలినచోట ఎఱుపు బట్టతో ఏకమై నిలుచును, తగులనిచోట నిలువదు. బట్టను పేడనీటిలో నానవేసి, ఇసుకమీద పఱచి, ఎండలో నీళ్లు చల్లుచు దినములకొలది ఉంచినచో, పటిక లేని తావులన్నియు మరల తెల్లనగును.

చిరివేరు సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క యొక్క వేరు. గుల్లసున్నము కలసిన ఇసుకలో పెరిగినది మేలైన ఎఱుపు నిచ్చును. కృష్ణానది సముద్రమున కలియు ప్రాంతమున, పెదపల్లి పరిసరములలో దొరకు చిరివేరునకు ఆ రోజులలో గొప్ప పేరుండెను. బందరులో 1618 మొదలు 1622 వఱకు నున్న విలియం మెథోల్డ్ అను ఇంగ్లీషు వర్తకుడు ఈ దేశపు వృత్తాంతమును వ్రాయుచు, కలముతో వ్రాసిన ఈ బట్టల రంగులు ఎన్నిమాఱులు ఉతికినను పోవని మెచ్చుకొనెను.

నీలిరంగు పని వేఱు. నీలిమందు తొట్టిలో బట్టనంతను ముంచవలసియుండును. కావున నీలము అక్కఱలేని భాగములన్నిటిని కరగిన మైనముతో కప్పుదురు. మునిగి వచ్చిన బట్టను వేడినీటిలో వేయగా మైనము కరగిపోవును. ఆ తరువాత మిగిలిన ఎఱుపులకు మరల పటిక, మరల చిరివేరు, మరల ఉతుకు, మరల ఎండ. కడపట పసుపువన్నె. నీలముపై పసుపు వేసినచోట ఆకుపచ్చ పుట్టును. ఇట్లు ఒక్క బట్ట పూర్తి యగుటకు పలువారములు పట్టెడిది. సాలెవాడు, చాకలి, నమూనా గీయువాడు, కలముపనివాడు, మైనము పూయువాడు, నీలిపనివాడు ఇందఱి చేతులు దానిమీద ఆడెడివి.

ఇంత శ్రమ ఫలించి వెలువడిన బట్ట ఏ దేశమునకు పోయిన ఆ దేశపు అభిరుచికి ఒదిగెడిది. సయాము దేశపు రాజధానియైన అయుధ్య నుండి రాజాస్థానమువారు తమ నమూనాలను పంపగా, మన తీరమున ఆ ప్రకారమే వ్రాసి పంపెడివారు. జపాను దేశమున ఈ బట్టకు “సరస” యని పేరు. అచ్చట దాని చిన్నముక్కలను సైతము పారవేయక, తేనీటి ఉత్సవమునకు వలయు పాత్రల నుంచుకొను సంచులుగా కుట్టుకొనిరి. పారశీకులు తమ తోటల పువ్వులను వ్రాయించుకొనిరి.

ఐరోపావారు కొంత కాలమునకు తమ దేశములకును ఈ బట్టలను కొనిపోసాగిరి. అచ్చటివారికి ఇవి వింతగా తోచెను. వారికి ఉన్నికిని పట్టుకును రంగు వేయుట తెలియును. నూలుబట్టపై పువ్వులు వ్రాసి, ఆ రంగులు ఉతికినను పోకుండ చేయుట తెలియదు. ఇంగ్లీషు కంపెనీవారు 1643లో సూరతులోని తమ ఉద్యోగులకు వ్రాయుచు, పఱపుబట్టలలో ముదురు ఎఱుపు నేల తగ్గించి, తెల్లని నేలమీద పువ్వులును కొమ్మలును వ్రాయించి పంపుడని కోరిరి. ఆ విధముగా ఐరోపావారి కోరికయు, మన పనివాని చేతిగీతయు కలిసి క్రొత్త తీరులు పుట్టినవి. లండనులో శామ్యూల్ పెపీస్ అను ఉద్యోగి 1663లో తన భార్య గదికి గోడబట్టగా ఈ వ్రాతబట్టను కొన్నట్లు తన దినచర్యలో వ్రాసియున్నాడు. గోడలకును పఱపులకును మొదలైన వాడుక క్రమముగా ఉడుపులకు ప్రాకెను. పురుషులు ఇంటియందు తొడుగుకొను వదులైన పొడవు అంగీకి “బనియన్” అని పేరు వచ్చెను. భారతదేశపు వణిజుల నుండి వచ్చిన ఆ మాటయే నేడు మనము లోపల తొడుగుకొను బనియనుకును పేరైనది. ఇంగ్లీషులో ఈ బట్టలకు కలిగిన “చింట్జ్” అను పేరునకును, తెలుగులోని చీటిగుడ్డ యను మాటకును మూలమొక్కటియే.

హాలెండులో హిండెలోపెన్ అను చిన్న ఓడరేవు కలదు. అచ్చటి స్త్రీలు ఈ బట్టలతో పొడవైన అంగరఖాలు కుట్టించుకొని పండుగలలో తొడుగుకొనిరి. సంతోషసమయములకు ఎఱ్ఱపువ్వులవి, బంధువులు మరణించి దుఃఖములో నున్నప్పుడు తెలుపు నీలములవి. కృష్ణాతీరమున నీలిపువ్వుకు మైనము పూసిన పనివానికి, అది సముద్రముల కావల ఒక స్త్రీ దుఃఖమును తెలుపు వస్త్రమగునని తెలిసియుండునా? అతడు ఆమెను చూడలేదు. ఆమె అతనిని చూడలేదు. ఆ యిద్దఱి నడుమ బట్ట యొక్కటే సాక్షి.

ఆదరము హెచ్చినకొలది విరోధమును పెరిగెను. ఐరోపాలో ఉన్నియు పట్టును నేయు సాలెవారు తమ జీవనము పోవుచున్నదని మొఱపెట్టిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఈ బట్టలను నిషేధించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700లో, స్వదేశపు వాడుకకై వీనిని దిగుమతి చేయరాదని శాసించెను. అయినను తెల్లబట్టను తెప్పించి అచ్చటనే అచ్చులు వేయు పద్ధతి ఆరంభమయ్యెను. 1719లో లండను వీథులలో కోపించిన సాలెవారు, అద్దకపు బట్టలు ధరించిన స్త్రీల వెంటబడి వారి ఉడుపులను చించిరి. సిరాయు, ఆమ్లమును చల్లిరి. దానిపై 1721లో మఱియొక చట్టము చేయబడెను. 1722 డిసెంబరు 25 మొదలు ఇంగ్లండులో అద్దకపు నూలుబట్ట ధరించుటయే నేరమయ్యెను. డచ్చివారు మాత్రము అట్టి నిషేధము పెట్టలేదు. ఇచ్చట ఒక్క విషయము గమనింపదగినది. ఆ ఐరోపా సాలెవారును పేదలే. ఆకలికి దేశభేదము లేదు. ఒక దేశపు పనివాని నేర్పు మఱియొక దేశపు పనివాని కూటికి పోటీ యగుట వర్తకమునందలి కఠినమైన సంగతులలో ఒకటి.

నిషేధములు బట్టను ఆపగలిగినను కోరికను ఆపలేవు. ఇక మిగిలిన మార్గమొక్కటి: ఆ విద్యనే కొనిపోవుట. 1734 ప్రాంతమున బోలియు అను ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక పనివానిచే తన యెదుట బట్టను చేయించి, ఒక్కొక్క దశ పూర్తియైనప్పుడెల్ల ఒక్కొక్క ముక్కను కత్తిరించి దాచుకొనెను, చూచినదంతయు వ్రాసికొనెను. ఆ ముక్కలు నేటికిని పారిసు నగరమున భద్రముగా నున్నవి.

1742 జనవరిలో కూర్దో అను ఫ్రెంచి మతాచార్యుడు తీరమునుండి తన దేశమునకు ఒక పొడవైన లేఖ వ్రాసెను. తన మతమున చేరిన అద్దకపు పనివారిని ఆయన ప్రశ్నలడిగి, పాలు కరక్కాయలు మొదలు మైనము వఱకు సర్వమును అందు వివరించెను. ఈ కూర్దో సామాన్యుడు కాడు. ఆంధ్రదేశమున నివసించి తెలుగును క్షుణ్ణముగా నేర్చి, తెలుగు వ్యాకరణమును నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును గల చుట్టఱికమును 1767లో ఐరోపా పండితులకు తెలిపినవాడు. ఆయన లేఖ అచ్చుపడి పలువురి చేతులకు చేరెను.

1759వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. ఫ్రాన్సు తన నిషేధమును ఎత్తివేసి, స్వదేశమున అద్దకపు కర్మాగారములకు త్రోవ తెఱచెను. అదే సంవత్సరము ఏప్రిలు నెలలో ఇంగ్లీషు సేనాని ఫోర్డు, ఫ్రెంచివారినుండి బందరు కోటను పట్టుకొనెను. ఉత్తర సర్కారులు కొలది సంవత్సరములలో ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. మచ్చుబట్ట చేతబట్టి బేరమాడ వచ్చినవాడు ఇప్పుడు పన్ను వసూలు చేయు ప్రభువయ్యెను. నలుగురు కొనువారున్నప్పుడు పనివానికి బేరమాడు శక్తి యుండును. కొనువాడొక్కడే యై, వాడే పాలకుడునైనచో ఆ శక్తి యెక్కడిది? ఒకప్పుడు ప్రోత్సాహముగా నుండిన బయానా, పనివానిని కట్టివేయు అప్పుగా మాఱెను.

ఐరోపాలో యంత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. 1752లో ఐర్లండున రాగిపలకలతో బట్టపై అచ్చువేయు విధానము వెలసెను. 1783లో థామస్ బెల్ అను నతడు తిరుగుడు దిమ్మెలతో అచ్చువేయు యంత్రమునకు హక్కు పొందెను. పనివాడు వారములకొలది చేయుపని గంటలలో ముగియసాగెను. 1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ అనువారు అలిజరిన్ అను ఎఱుపు ద్రవ్యమును ప్రయోగశాలలో తయారు చేసిరి. మన చిరివేరులో ఎఱుపునకు మూలమైనదియు ఆ ద్రవ్యమే. ఇసుకనేలలలో వేళ్లు త్రవ్వి జీవించువారి వృత్తి దానితో క్షీణించెను. అంతకు కొంచెము ముందు, 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన వచ్చి బందరును ముంచి సుమారు 30,000 మందిని బలిగొనెను. ఇన్ని దెబ్బలు తగిలినను ఆ విద్య పూర్తిగా నశింపకపోవుట ఆశ్చర్యము.

ఇందు దోషమెవ్వరిది అను ప్రశ్న పుట్టవచ్చును. ఒకరి విద్యను మఱియొకరు నేర్చుకొనుట దోషము కాదు. మన పనివారును పారశీకుల పువ్వులను, సయాము దేశపు నమూనాలను చూచి నేర్చినవారే. విద్య ప్రవాహము వంటిది. గట్లు కట్టి నిలుపుట కష్టము. కాని నేర్పినవాని సరకునకు చట్టముతో తలుపు మూసి, వాని విద్యను మాత్రము లోనికి తెచ్చుకొనుట న్యాయము కాదు. లెక్కల పుస్తకములలో ఎన్ని మూటలు, ఎన్ని తానులు, ఎంత వెల యను సంగతులు కలవు. ఓడల పేర్లు, నాయకుల పేర్లు కలవు. ఆ పువ్వులను వ్రాసిన చేతుల పేర్లు సామాన్యముగా ఎక్కడను కానరావు. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను, హాలెండులోని ప్రదర్శనశాలలలోను నాటి బట్టలు గాజు పెట్టెలలో నున్నవి. వాని రంగులు నేటికిని వెలవెలబోలేదు. ఎచ్చట చేయబడినదో తెలుపు చీటి ప్రక్కన నుండును. ఎవ్వరు చేసిరో తెలుపు చీటి లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప కమలాదేవి చట్టోపాధ్యాయ అఖిల భారత హస్తకళల సంఘమునకు నాయకురాలై, దేశమంతట తిరిగి, కొడిగట్టుచున్న చేతిపనులను వెదకిరి. ఆమె కృషివలన శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పు శిక్షణకేంద్రము వెలసెను. ఆ పనిని ఎఱిగిన కొలదిమంది వృద్ధులలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్య అందు గురువై యువకులకు నేర్పెను. నేడు శ్రీకాళహస్తిలో కలముతో పురాణకథలు వ్రాయువారును, బందరునకు సమీపమున నున్న పెడనలో చెక్క అచ్చులతో అద్దువారును ఈ విద్యను నిలుపుకొనుచున్నారు. రెండు పనులకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు గల పేరును వేఱొకచోట చేసిన బట్టకు పెట్టి అమ్మరాదు. పూర్వము పనివానికి లేని రక్షణ యిది.

నేడును దూరదేశములనుండి వస్త్రరూపకల్పన చేయువారు మన పల్లెలకు వచ్చుచున్నారు. వారి చేతులలోను మచ్చుబట్టలున్నవి. మన దేశీయులును జపానుకు, ఇండోనేషియాకు పోయి అచ్చటి నేతలను, అద్దకములను పరిశీలించి వచ్చుచున్నారు. ఇట్టి ప్రయాణములు మేలైనవే. ఒకరి బట్టలో మఱియొకరి పువ్వు పూయుట లోకమునకు అలంకారము. అయితే ఫ్లోరిస్ నేర్చిన పాఠము సగము పాఠమే. కట్టుకొనువాని మనస్సు నెఱిగిన కొనువాడు మంచి వర్తకుడగును. చేయువాని శ్రమ నెఱిగినవాడే మంచి మనుష్యుడగును. నది నీరు తగ్గినప్పుడు, మబ్బు పట్టినప్పుడు పని ఆగునని తెలిసి వేచియుండుటయు, తగిన వెల నిచ్చుటయు, ఈ నమూనా ఇట్టి ఊరిలో ఇట్టివారిదని నలుగురికి చెప్పుటయు అతని విధులు.

బజారులో యంత్రముపై అచ్చువేసిన చౌకబట్టయు, చేతితో అద్దిన బట్టయు ప్రక్కప్రక్కన కనబడును. పువ్వు ఒకే తీరుగా నుండవచ్చును. చేతిబట్టను త్రిప్పి పరికించినచో ఒక గీత కొంచెము వంకరగా, ఒక అచ్చు మఱియొక అచ్చునకు వెండ్రుకవాసి ఎడముగా కానవచ్చును. అది లోపమని త్రోసివేయరాదు. ఒక మనుష్యుడు ఎండలో నిలిచి ఆ పని చేసెననుటకు అదియే గుర్తు. నాలుగు శతాబ్దములకు పూర్వము ఓడలను సముద్రములు దాటించి బందరు రేవునకు రప్పించినది అట్టి చేతిపనియే.